అమ్రాబాదు సీమయందలి గృహసంభారము

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుని యతిథిపూజను వర్ణించుచు, ముసురుపట్టిన దినములలో నతని యిల్లాలు కంటికి పొగ సోకకుండ టెంకాయ పెంకులు మండించి వండుటను, అతిథులకు ఒరుగులును వడియములును పెరుగును సమకూర్చుటను చెప్పియున్నాడు. వేసవికి చలువచేయు వంటకములు వేఱు, శీతకాలమునకు మిరియపుపొడులును ఊరుగాయలును వేఱు. ఈ పద్యముల శయ్యను మెచ్చని పండితుడు లేడు. అయినను వానలలో ఆ పొయ్యి మండుటకు వేసవియందే పెంకులు ఎండబెట్టి దాచియుండవలెను. ఆ యొరుగులకు కూరలు ముదురకమునుపే తఱిగి యెండవేసియుండవలెను. ఒక పూట భోజనమును చెప్పు పద్యమున ఒక యేటి గృహనిర్వాహము ఇమిడియున్నది.

ఇట్టి పద్యములనుండి జనజీవనమును వెలికిదీయు మార్గమును తెలుగువారికి చూపినవారిలో సురవరము ప్రతాపరెడ్డిగారు ముఖ్యులు. మహబూబునగరు మండలమున పుట్టిన ఆ పండితుని ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949 లో వెలువడినది. ఆయన చూపిన దారిని పోయి శుకసప్తతిని, హంసవింశతిని వెదకినవారికి రైతు కొట్టములు, పనిముట్లు, ధాన్యభేదములు కొల్లలుగా లభించును. కాని ఒక లోపము కలదు. మన కవుల కంటబడిన యిల్లు గాదె గల యిల్లు. చెంచువారిని కవులు ఎఱుగకపోలేదు; చెంచులక్ష్మీ నరసింహుల కథ గరుడాచల యక్షగానమున ప్రసిద్ధము, శ్రీశైల మల్లికార్జునుడు చెంచు మల్లయ్యగా నేటికిని పేర్కొనబడుచున్నాడు. అయినను ఆ కథలలో చెంచుది విల్లు, చెంచెతది సొగసు. వారి పొయ్యి యెట్లు మండునో, వానకాలమున వారేమి తిందురో చెప్పిన కావ్యము అరుదు. అందువలన గాదె లేని యిల్లు ముందుచూపు లేని యిల్లని చదువుకొన్నవారికి తోచుట సహజమైనది. ఆ తలంపు సరియైనదా కాదా యని పరీక్షించుటకు అమ్రాబాదును మించిన తావు లేదు. ఏలయన గాదె గల యిల్లును గాదె లేని యిల్లును అచ్చట ఒకే కొండపై నున్నవి.

అమ్రాబాదు నల్లమల యుత్తరభాగమున సముద్రమట్టమునకు సుమారు 2000 అడుగుల యెత్తున నున్న పీఠభూమి. దక్షిణమున కృష్ణ లోతైన లోయను కోసికొని పాఱుచున్నది. ఆవలి గట్టున శ్రీశైలము. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని పేరొందిన ఉమామహేశ్వరము ఈ కొండల యంచుననే కలదు. నిజాము పాలనమున ఈ సీమ మహబూబునగరు జిల్లాయందలి తాలూకా. 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. కొండకు రెండు మెట్లున్నవి. క్రింది మెట్టున అమ్రాబాదు, మన్ననూరు, పదర మున్నగు సేద్యపు గ్రామములు. పై మెట్టున అడవియు, అప్పాపురము, రాంపురము మొదలైన చెంచు పెంటలును. మైదానమున ‘పెంట’ యన్న పేడకుప్ప. నల్లమలలో ‘పెంట’ యన్న ఊరు. దోమలపెంట, ఈగలపెంట యను పేరులు విని నవ్వు బాటసారికి ఈ యర్థభేదము తెలియదు.

మొదట క్రింది మెట్టు ఇండ్లను చూతము. జొన్న, సజ్జ, కొఱ్ఱ, కంది, ఉలవ, ఆముదము – ఇవి ఈ మెట్టసీమ ప్రాతపంటలు. వాన నమ్మదగినది కాదు. ఒక యేడు పండి రెండేండ్లు ఎండినను బ్రదుకవలెను గనుక దాచుటయే యిచ్చటి ప్రథమవిద్య. పూటకు కావలసిన గింజలు కాగులలోను, ఏటికి కావలసినవి వెదురుతో నల్లి పేడమట్టితో మెత్తిన గుమ్ములలోను, గాదెలలోను ఉండెడివి. అంతకు మించినది పాతరలోనికి పోయెడిది. గట్టి మొరపనేలలో, వాననీరు నిలువని మిట్టమీద, నోరు ఇఱుకుగను కడుపు వెడల్పుగను గోతిని త్రవ్వి, అడుగునను ప్రక్కలను ఎండుగడ్డి పఱచి, జొన్నలు నింపి, పైని మరల గడ్డివేసి మట్టితో మూసి అలుకుదురు. గాలి చొరదు. లోపలి గింజలు తామే ఊపిరి తీసికొని ఉన్న ప్రాణవాయువును హరింపగా బొగ్గుపులుసు గాలి నిండి పురుగు బ్రదుకజాలదు. ఈ కారణము రసాయనశాస్త్రజ్ఞులు చెప్పినది. ఫలితము రైతు ముందే యెఱుగును. పాతర తెఱచిన దినమున ఎవ్వరును దిగరాదనియు, దీపమును త్రాటితో దింపి అది ఆఱకుండినపుడే మనుష్యుడు దిగవలెననియు ఊరూర నియమము. నియమము మీఱి దిగినవారు ఊపిరాడక చచ్చిన సంగతులు పల్లెలలో తఱచుగా చెప్పుకొందురు.

పాతర జొన్నలు రెండు మూడేండ్లు నిలుచును గాని గోడల చెంతనున్న గింజకు ఒక విధమైన వాసన పట్టును. అన్నిటికంటె ముఖ్యముగా అవి మొలకెత్తవు. కాబట్టి తిండిగింజ దాచు విద్య వేఱు, విత్తు దాచు విద్య వేఱు. ఈ రెండవది స్త్రీలది. కళ్లములోనే మేలైన కంకులను ఏఱి పొయ్యిపై దూలములకు కట్టి పొగ తగులనిత్తురు. కందులకు ఎఱ్ఱమన్ను పట్టించి యెండవేయుదురు. పెసలు, అలసందలు బూడిదతో కలిపి కుండలలో పోసి మూతికి మట్టిమెత్తుదురు. బీర, సొర విత్తనములను ఎండిన సొరకాయ బుఱ్ఱలోనే ఉంచుదురు. ఆకలిచే కడుపు మాడుచున్నను విత్తులకుండను ముట్టని యిల్లాండ్రను గూర్చి పల్లెలలో చెప్పు మాట అతిశయోక్తి కాదు. ఆ కుండ ఖాళీయైన యింటికి మఱుసటి యేడు లేదు.

ఆముదము సంగతి కొంత విస్తరించి చెప్పదగినది, ఏలయన మహబూబునగరు, నల్లగొండ మండలములు ఆ పంటకు పేరుపడినవి. గానుగ లేని యింటిలో కూడ నూనె తీయుదురు. గింజలను దోరగా వేయించి, రోట మెత్తగా దంచి, పెద్దకుండలో నీళ్లతో కాచుదురు. నూనె పైకి తేలును. దానిని గరిటెతో తేర్చి వేఱొక పాత్రలో మరల కాచి తడి యింకింతురు. కిరసనాయిలు రాకమునుపు ఇంటి దీపము దీనిదే. పసిపిల్లల కడుపునొప్పికి మందు, బండి యిరుసునకు కందెన, చెప్పులకు మెత్తదనము, తలకు చలువ – అన్నియు దీనివే. నాలుగు కుంచముల గింజలున్న యిల్లు ఒక యేడు చీకటికి వెఱవనక్కఱలేదు. నిప్పు మాత్రము దాచుకొనవలెను. రాత్రి పిడకనిప్పులపై బూడిదకప్పి తెల్లవాఱుజామున ఊది రాజేయుట ఒక నేర్పు. అది ఆఱినచో పొరుగింటికి పిడకతో పోవుట ఒక మర్యాద.

ఈ గృహసన్నాహమును పొగడువారు సామాన్యముగా నిచ్చటనే యాగుదురు. ఆగరాదు. పాతర అందఱికిని లేదు. పుట్లకొలది గింజలు పాతరవేయగల యిల్లు ఊరికి ఒకటో రెండో. తక్కినవారిలో కూలిజనుల యింట కుండల దొంతియే గాదె, అదియు మాఘఫాల్గుణములలో నిండి శ్రావణమునకు ఖాళీ. వారు పాతర గలవారి గడపకు పోయి నాగునకు గింజలు తెచ్చుకొని పంట కాలమున ఒకటికి ఒకటిన్నర కొలిచెడివారు. తీర్చలేని నాగు పెరిగి భూమిని మ్రింగెడిది. ఒక యింటి ముందుచూపు పది యిండ్ల యాకలిపై నిలిచియుండుట యిది. 1946–51 నాటి తెలంగాణ రైతుపోరాటమున, ముఖ్యముగా నల్లగొండ పల్లెలలో, దొరల గడీల ధాన్యమును ప్రజలు పంచుకొనుటకు వెనుక ఈ కొలతల చరిత్ర యున్నది. ‘పాతరవేయు’ అను క్రియకు నేటి వాడుకలో దాచుట యను నర్థము తగ్గి, మఱి తలయెత్తకుండ పూడ్చివేయుట యను నర్థము మిగిలినది. నిఘంటుకారులు ఈ మార్పును గమనింపదగును.

ఇక పై మెట్టు. చెంచువారి పెంటలో పాతర లేదు, గాదె లేదు. గడ్డికప్పు గల గుండ్రని గుడిసెలో రెండు మూడు కుండలు, వెదురుబుట్టలు, గొడ్డలి, విల్లమ్ములు, ఇనుపమొన గల త్రవ్వుకోల – ఇంతే సంభారము. 1794 లో శ్రీశైలమును దర్శించి వ్రాసిన కాలిన్ మెకంజీ మొదలు, 1909 లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథము, 1920 లో వెలువడిన సయ్యద్ సిరాజుల్ హసన్ గ్రంథము వఱకు చెంచువారు గడ్డలు, తేనె, వేటమాంసములపై బ్రదుకు వారుగా వర్ణింపబడిరి. 1940 లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ పెంటలలోనే నివసించి పరిశోధించి 1943 లో ఒక గ్రంథమును ప్రకటించెను. చెంచులు ఏనాటి తిండి ఆనాడు తెచ్చుకొనువారే గాని కూడబెట్టువారు కారని ఆ గ్రంథమువలన తేటపడును. ఆ మాట నిజమే. దానినుండి తీయబడిన సిద్ధాంతము, అనగా వారికి రేపటి చింత లేదనునది, నిజము కాదు.

గడ్డలనే చూడుడు. నూలగడ్డ మొదలైన అడవిదుంపలు నేలలోనే నెలలకొలది చెడక యుండును. కావలసిననాడు త్రవ్వుకొనవచ్చును. నేలయే కాగైనపుడు వేఱొక కాగేల? ఏ తీగ యెండినచోట క్రింద గడ్డ ముదిరియుండునో, ఏది కాల్చి తినదగినదో, ఏది చేదు పోవువఱకు కోసి నీట నాన్చి ఉడికింపక తినరాదో తెలిసియుండవలెను. ఆ తెలివి ఆడుబిడ్డకు తల్లి వెంట త్రవ్వుకోల పట్టుకొని తిరిగిన దినములలో అబ్బును. చింతపండు ఉట్టిది కడుపుకు పడదు. చెంచులు చింతబెరడు కాల్చిన బూడిదను కలిపి పులుపు విఱిచి తిందురు. పులుపును క్షారముతో శమింపజేయుట వైద్యులకును తెలిసినదే, ఇచ్చట అది వంటయైనది. ఫాల్గుణచైత్రములలో ఇప్పపూలు రాలును. వానిని ఎండబెట్టి కొన్నాళ్లకు ఉంచుకొందురు, కొంత సారాయి యగును. సారపప్పు, తునికి, నేరేడు వరుసగా వచ్చును. వేసవిలో నీటిచెలమల చెంతకు ఆకుపందిళ్లకు తరలుదురు. చెకుముకిరాయి, ఉక్కుముక్క, బూరుగుదూది సంచిలో నున్నంతవఱకు నిప్పునకు పొరుగింటికి పోనక్కఱలేదు.

తేనె తీయుట వేఱొక విద్య. పెద్దతేనెటీగలు కృష్ణ లోయ గోడలవంటి నిలువుకొండలలో పట్టులు పెట్టును. మగవాడు తీగత్రాటిపై వ్రేలాడుచు పొగవేసి ఈగలను తోలి పట్టు కోయును. పైని త్రాటికి కావలియుండువాడు సాధారణముగా అతని భార్య తోడబుట్టినవాడు, అనగా బావమఱది. తోబుట్టువును ఉంచరాదా యన్న, అన్న చచ్చినచో వదినెను తమ్ముడు చేసికొనదగును గాన వానిని నమ్మరాదు. బావమఱదికో, తన యక్క తాడు తెగుట యిష్టముండదు. విన్నవారు ముందు నవ్వుదురు, తరువాత ఆలోచింతురు. త్రాటికంటె బలమైన బంధమును వెదకి దానికి త్రాటిని కట్టిన యేర్పాటిది.

ఈ బంధుత్వమే చెంచువారి గాదె యని చెప్పుటకు గట్టి యాధారము కలదు. ఒక్కొక్క పెంటకు తనదైన యడవి, దాని యెల్లలు కలవు. ఆ యెల్లలలో పుట్టినవారు మాత్రమే గాక, అచ్చటి పిల్లను చేసికొన్నవాడును తినుటకు హక్కుగలవాడే. తండ్రి పెంటలో ఒక యేడు గడ్డలు తక్కువైనను, నీటిచెలమ యెండినను, పురుషుడు భార్యాబిడ్డలతో మామగారి పెంటకు పోయి యుండవచ్చును. ఎవ్వరును ఏల వచ్చితివని యడుగరు. ఇంటిపేరులలో చిగుర్ల, ఉడుతల, తోకల, నిమ్మల మున్నగునవి కలవు. ఒకే యింటిపేరు వారు పెండ్లాడరు గనుక ప్రతి యింటికిని వేఱు పెంటలలో వియ్యము తప్పదు. రైతు కఱవునకై గింజలను పాతరవేయగా, చెంచు కఱవునకై చుట్టఱికమును విస్తరింపజేసెను. వేట చిక్కినపుడు ముందు ఒక తునుక గరెలమైసమ్మ పేర నిప్పులో వేసి తక్కినది పంచుకొనుటయు ఇట్టిదే. ఈనాడు పంచినవానికి రేపు పాలు వచ్చును, దాచినవానికి రాదు.

ప్రపంచమందలి వేటజనులను గూర్చి పరిశోధించిన జేమ్స్ వుడ్‌బర్న్ 1982 లో, టాంజానియా దేశపు హడ్జాలను ముఖ్యోదాహరణముగా గొని, శ్రమకు ఫలమును వెంటనే అనుభవించు సంఘములనియు, కాలము గడపి యనుభవించు సంఘములనియు రెండుగా విభజించెను. మొదటి తెగలో సొత్తు నిలువచేయుట లేకపోవుట తెలివితక్కువ కాదనియు, అది యొకరు మఱియొకరిపై పెత్తనము సాగింపనీయని కట్టుబాటనియు ఆయన మతము. అమ్రాబాదు రెండు మెట్లను ఈ విభాగముతో సరిపోల్చవచ్చును. పై మెట్టున నాగు లేదు. పాతర లేనిచోట నాగిచ్చువాడుండడు.

అట్లని చెంచుల బ్రదుకును స్వర్గముగా చిత్రించుటయు సరికాదు. వానకాలము మధ్యను వారికి తిండి కఱవే. కుండలు, గుడ్డ, ఇనుము, కొంత ధాన్యము క్రిందినుండియే రావలెను. వానికై తేనె, సారపప్పు, బంక, వెదురుబుట్టలు ఇచ్చెడివారు. గొల్లలు, లంబాడీలు మందలతో కొండకెక్కినపుడు పశువులకు కావలియుండి పాలో గింజలో పుచ్చుకొనెడివారు. ఈ మారకములలో కొలత ఎవరి చేతిదో చెప్పనక్కఱలేదు. క్రింది మెట్టువారును కఱవువేళ పై మెట్టునకు ఋణపడినవారే. 1876–78 నాటి కఱవువంటి మహాక్షామములలో పాతర లేని దక్కను జనులకు అడవి యాకులు, దుంపలు ప్రాణము నిలిపినవి. కాని ఋణమునకు పత్రము లేదు గనుక ఎవ్వరి చిట్టాలోను ఎక్కలేదు.

చిట్టాలోని కెక్కనిదే చెంచుల కష్టమునకు మూలము. పాతరను దొర చూడగలడు, పన్ను లెక్కించువాడు చూడగలడు, పంచుకొనువాడును చూడగలడు. పెంట యెల్లలును, ఏ గట్టున ఏ యింటివారికి తినుటకు హక్కున్నదియు కాగితముమీద కనబడవు. అడవిని రక్షితమని గీతగీసి, కంట్రాక్టరులకు ఉత్పన్నములను వేలమువేసిన దొరతనము తాను ఒకరి గాదెకు తాళము వేయుచున్నట్లు తలంపలేదు. అచ్చట గాదె కనబడలేదు గదా. హైమెన్‌డార్ఫ్ సూచనపై 1942 లో నిజాము ప్రభుత్వము పై మెట్టున సుమారు లక్ష యెకరములను చెంచులకై ప్రత్యేకించెను. ఆ కాలమునకు అది గొప్ప పని. లోపల వారు తమ పద్ధతిని తిరుగవచ్చును, కొంత సేద్యము చేసికొనవచ్చును. పెంట యెల్లలను కాక ఏకముగా పెద్దగీతను గీయుట దాని పరిమితి.

తరువాతి కథ వేగముగా నడచినది. 1956 లో గిరిజన సహకార సంస్థ యేర్పడి తేనె, బంకలను కొనసాగెను. శ్రీశైల ప్రాజెక్టు పనులతో కృష్ణ గట్టున క్రొత్త కాలనీలు వెలసినవి. 1983 లో ఈ యడవి నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల రక్షితారణ్యమున చేరినది. 2014 రాష్ట్రవిభజనము పిమ్మట తెలంగాణ భాగము అమ్రాబాదు పులుల రక్షితారణ్యమైనది. 1983 లోనే రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చి, క్రింది మెట్టు పాతరలను పై మెట్టు త్రవ్వుకోలను ఒక్కసారిగా పలుచన చేసినది. జొన్నచేలలో ప్రత్తి, మక్క పెరిగినవి. విత్తు దుకాణమునుండి సంచిలో వచ్చుచున్నది గనుక దూలమునకు కంకి కట్టనక్కఱ లేకపోయినది. కఱవులో కూలివాని పిల్లలు ఆకలితో పడుకొనకుండ చేసిన బియ్యమును నిందించుట న్యాయము కాదు. ఐనను నాగు పోయినందుకు సంతోషించుచు, విత్తులకుండ పోయినందుకు లెక్క చూచుకొనవలసియున్నది. ఆ రెండును ఒకటి కావు.

2006 నాటి అటవీహక్కుల శాసనము మొదటిసారి ఈ కనబడని గాదెను శాసనభాషలోనికి తెచ్చినది. చిన్నతరహా యటవీఫలములపై స్వామ్యమును, ఆదిమ గిరిజన తెగలకు వారి నివాసప్రాంతమంతటిపై సామూహికమైన హక్కును అది పేర్కొనుచున్నది. చెంచులు ఆ తెగలలోని వారే. మధ్యప్రదేశమందలి దిండోరి జిల్లాలో బైగాలకు అట్టి హక్కు గుర్తింపబడినది. దానికై ముందుగా వ్రాసికొనవలసినవి యెకరములు కావు. ఏ గట్టు ఏ పెంటది, ఏ చెలమ వేసవిలో ఎండదు, ఏ యింటివారికి ఏ పెంటలో వియ్యమున్నది, ఏ నిలువుకొండకు ఎవరు త్రాడు కట్టుదురు అనునవి. ఈ యెల్లలు నేటికిని చెంచు పెద్దల నోటనే యున్నవి. చైత్రపూర్ణిమకు సలేశ్వరము లోయకు దిగు యాత్రికులు ఏటేట వానిని దాటుచునే పోవుదురు.